ఆ మాట చెప్పినవాళ్లు ఏ వెలుతురులో నిలబడి చెప్పారు?

ప్రశ్న: అన్నా, నాకు 26 ఏళ్లు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. చీటీ ఎత్తితే 85 వేలు చేతికొచ్చినాయి. చిన్నప్పటి నుంచి కెమెరా కొనాలని ఆశ. క్యానన్ ఆర్50, రెండు లెన్సులు కలిపి ఇచ్చే పెట్టె కొందామనుకున్నా. కొన్నవాళ్లు ఏమంటున్నారో నెల రోజులుగా చదివి, అడిగి, ఉన్న ధైర్యం కూడా పోగొట్టుకున్నా. ఒకాయన ‘కళ్లు మూసుకుని కొనండి, ఫోకస్ అద్భుతం’ అంటాడు. ఇంకొకాయన ‘గుడిలో తీస్తే అన్నీ బ్లర్రే’ అంటాడు. ఒకామె ‘బ్యాటరీ మధ్యాహ్నం దాకా కూడా రాదు’ అని రాసింది. మరొకాయన ‘బొమ్మ కెమెరా, మూడు నెలలకే అమ్మేశా’ అన్నాడు. నంద్యాలలో స్టూడియో నడిపే మా మేనమామ ‘ఆ చిన్నది ఎందుకురా, పాత క్యానన్ 6డి కెమెరా ఇప్పిస్తా, నా పాత ఫ్లాష్ ఊరికే ఇస్తా’ అంటున్నాడు. మా నాన్న 30 ఏళ్లు క్వారీలో రాళ్లు కొట్టి ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. రేషన్ కార్డుకు తీసింది తప్ప ఆయనకు ఒక్క మంచి ఫోటో లేదు. అది తీయాలి. మా ఊరి గుళ్లు, బెలుం గుహలు తీయాలి. కుదిరితే చిన్న ఫంక్షన్లు తీసి నాలుగు రూపాయలు సంపాదించాలి. ఎవరి మాట నమ్మమంటావు?

జవాబు: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ముందు తేల్చాల్సింది తేల్చేస్తా. ఆర్50 కొను. రెండు లెన్సుల పెట్టె మాత్రం వద్దు. చిన్న కిట్ లెన్సు ఒక్కటే వచ్చే పెట్టె తీసుకో. మిగిలిన డబ్బుతో 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు విడిగా తీసుకో. ఎందుకో కింద చెబుతాను. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం కెమెరా సంగతి కాదు. నెల రోజులు చదివి ఉన్న ధైర్యం కూడా పోయింది అన్నావు చూడు, అది. నీలాంటి ఉత్తరాలు నాకు దండిగా వస్తాయి. అందరిదీ అదే బాధ. కొన్నవాళ్లే ఒకరు ఆకాశానికెత్తి, ఇంకొకరు నేలకేసి కొడుతుంటే కొననివాడు ఏం చేయాలి?

నువ్వు రాసిన నలుగురూ నిజమే చెప్పారు. ఎవరి వెలుతురు వాళ్లది, ఎవరి పని వాళ్లది. కెమెరా ఒకటే అయినా దాన్ని పట్టుకుని ఎక్కడ నిలబడ్డారు, దానికి ముందు ఏ లెన్సు ఉంది, కొని ఎన్నాళ్లయింది అనేది తెలిస్తే తప్ప ఆ మాటకు విలువ కట్టలేం. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్దాం.

నా సంగతి కూడా చెప్పాలి కదా, నాదీ ఒక కొన్నవాడి మాటే. నేను అనంతపురంలో ఉంటాను. 2018లో క్యానన్ 1500డి అనే, లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా కొని ఐదేళ్లు దానితోనే తీశాను. ఆర్50ను క్యానన్ ప్రకటించింది 2023 ఫిబ్రవరిలో. ఆ ఏడు దీపావళికి నేను కొన్నాను. ఇప్పటికీ నా చేతిలో అదే ఉంది. ఎక్కువగా మనుషులను, గుళ్లను తీస్తాను. వీడియో తక్కువ. నేను చెప్పేదంతా ఈ లెక్కలో పెట్టుకునే చదువు.

ఫోకస్ అద్భుతం అన్నాయన మాట పూర్తిగా నమ్ము. నా 1500డిలో ఫోకస్ పాయింట్లు 9, అవన్నీ మధ్యలోనే గుంపుగా ఉంటాయి. మనిషి ఫ్రేము అంచుకు జరిగితే ముందు ఫోకస్ పట్టి, తర్వాత కెమెరా తిప్పుకోవాలి. ఆర్50లో దాదాపు ఫ్రేమంతా ఫోకస్ పనిచేస్తుంది. మనిషి కన్నును తనంతట తనే వెతికి పట్టుకుంటుంది. కుక్క, పిల్లి, పక్షి, గుర్రం కళ్లను కూడా పట్టుకుంటుంది. మా చెల్లెలి కూతురు వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే 1500డితో పది తీస్తే మూడు నిలబడేవి. దీనితో పదికి ఎనిమిది నిలబడ్డాయి. సంబరపడి ఆ రోజే స్నేహితుడికి ఫోన్ చేసి ‘దీనికి వంక పెట్టలేం’ అన్నాను. అప్పటికి నేను దాన్ని కొని నాలుగు రోజులు.

ఇక్కడే ఒక విషయం గమనించు. ఫోకస్ ఎట్లా ఉందనేది మొదటి గంటలోనే తెలుస్తుంది. కాబట్టి దాని గురించి మొదటి వారంలో రాసిన మాటైనా పనికొస్తుంది. బ్యాటరీ, చేతిపట్టు, దుమ్ము, వేడి అట్లా కాదు. ఒక ఎండాకాలం, ఒక పెళ్లిళ్ల సీజను గడిస్తే తప్ప వాటి సంగతి బయటపడదు. నాలుగు రోజుల సంబరంతో నేను చెప్పిన ఆ మాటలో ఫోకస్ వరకు నిజం, మిగిలినదంతా తొందర. కొని ఎన్నాళ్లయిందో రాయనివాళ్ల మెచ్చుకోలును నేను ఇప్పుడు సగానికి సగం తగ్గించి చదువుతాను.

ఇక ‘గుడిలో తీస్తే అన్నీ బ్లర్రే’ అన్నాయన. నీకు అన్నిటికంటే అవసరమైన మాట ఇదే, కాబట్టి కొంచెం తీరిగ్గా చెప్పుకుందాం.

ఆర్50 పెట్టెలో వచ్చే చిన్న లెన్సు 18-45. బరువు 130 గ్రాములే. వెడల్పుగా 18 దగ్గర పెడితే దాని కన్ను ఎఫ్ 4.5 దాకా తెరుచుకుంటుంది. జూమ్ చేసి 45కు తెచ్చేసరికి ఎఫ్ 6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. మనిషి ముఖం తీయాలంటే నువ్వు జూమ్ చేస్తావు. సరిగ్గా అక్కడే ఈ లెన్సు చీకటిది అయిపోతుంది. 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. ఈ రెండింటికీ తేడా కొంచెం కాదు, లెక్క వేస్తే సుమారు 12 రెట్లు. అంటే కిట్ లెన్సుతో సెకనులో పదో వంతు సేపు షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) తెరిచి ఉంచాల్సిన చోట, అదే ఐఎస్‌ఓతో (వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె అది) 50 లెన్సు సెకనులో 125వ వంతు ఇస్తుంది. పదో వంతులో మనిషి తల తిప్పితే చాలు, ముఖం చెరిగిపోతుంది. 125వ వంతులో మాట్లాడుతున్న మనిషి కూడా నిలబడతాడు.

కిట్ లెన్సులో స్టెబిలైజర్ ఉంది కదా, ఇంక భయమెందుకు అని దుకాణంలో చెబుతారు. అది నీ చేతి వణుకును ఆపుతుంది. హారతి పళ్లెం తిప్పుతున్న పూజారి చేతిని ఆపదు. కదలని స్తంభానికి, శిల్పానికి ఆ స్టెబిలైజర్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, మనుషులకు అంతగా సాయపడదు. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. ఆర్50 బాడీలో స్టెబిలైజర్ లేదు, ఆ 50 లెన్సులోనూ లేదు. కాబట్టి దానితో తీసేటప్పుడు షట్టర్ 125కు తగ్గకుండా చూసుకో. టీవీ (Tv) అని రాసి ఉండే మోడ్‌లో 125 పెట్టి, ఐఎస్‌ఓను ఆటోలో వదిలెయ్. ఐఎస్‌ఓ 6400 దాకా పోయినా జంకొద్దు. కాస్త ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది, ప్రింటు వేస్తే అది చాలావరకు కనబడదు. గరుకుగా ఉన్న ఫోటోను ఇంట్లో పెట్టుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోను ఏమీ చేయలేం.

మరి ‘కిట్ లెన్సు దండగ’ అని కూడా చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఒక పొద్దున్న మీ ఊరికే వచ్చాను, బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికి. పెన్న ఒడ్డున ఆ పూర్తికాని గోపురాలు నువ్వు పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే. జానెడు రాయి కూడా వదలకుండా చెక్కారు. అడ్డంగా పడే పొద్దుటి ఎండకు ప్రతి గీతకూ ఒక నీడ లేస్తుంది. పది గంటలైతే ఆ నీడలన్నీ పోయి శిల్పాలు చదునుగా కనిపిస్తాయి. ఆ గంటన్నర నేను తీసింది మొత్తం ఈ కిట్ లెన్సుతోనే, ఎఫ్ 8 పెట్టి. ఒక్కటీ చెడిపోలేదు. తర్వాత చింతల వెంకటరమణస్వామి గుడికి వెళ్లి, మండపంలో కూర్చున్న ఒక పెద్దావిడను అడిగి అదే లెన్సుతో తీస్తే పనికిరాలేదు. లెన్సు మార్చి తీస్తే వచ్చింది. ఒకటే ఊరు, ఒకటే పొద్దు, రెండు గుళ్లు. మొదటి గుడి దగ్గర నన్ను అడిగి ఉంటే కిట్ లెన్సు చాలని చెప్పేవాణ్ని. రెండో గుడి మండపంలో అడిగి ఉంటే అమ్మేయమనేవాణ్ని.

గుళ్లలో తీసేటప్పుడు గర్భగుడి వైపు కెమెరా ఎత్తొద్దు. స్టాండు వేయాలంటే ముందు అడుగు, చాలాచోట్ల అనుమతి కావాలి. ఇది నీకు తెలిసే ఉంటుంది.

బెలుం మీకు పక్కనే. అక్కడ రెండు తెలుసుకుని పో. 3,229 మీటర్ల పొడవున్న గుహ అది, మనల్ని తిరగనిచ్చేది అందులో సగం లోపే. అడుగున పాతాళగంగ దాకా దిగితే నేలకు సుమారు 46 మీటర్ల కింద ఉంటావు. లోపల ఉక్క, చెమట. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి పోయి కెమెరా తీశానంటే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. నాకు మొదటిసారి అట్లాగే అయింది, ఇరవై నిమిషాలు తుడుస్తూ కూర్చున్నాను. ఎంత తుడిచినా మళ్లీ పడుతుంది, లెన్సు వెచ్చబడాల్సిందే. కెమెరాను బ్యాగులోనే ఉంచి, బయట ఎండపట్టున ఒక అరగంట ఆగి పో. రెండోది, అక్కడ గోడల మీద వేసిన లైట్లు పసుపు రంగువి. కెమెరా రంగును తనంతట తాను సరిచేయబోయి ఒక్కో ఫోటోకు ఒక్కో రంగు ఇస్తుంది. రా ఫైలుగా, అంటే కెమెరా రంగులు సరిచేయని అసలు ఫైలుగా తీసుకుంటే ఇంటికొచ్చాక అన్నిటికీ ఒకే రంగు పెట్టుకోవచ్చు. గుహ కదలదు కాబట్టి ఇక్కడ మళ్లీ కిట్ లెన్సే మేలు. 18 దగ్గర పెట్టి, గోడకు భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే సెకనులో ఎనిమిదో వంతు కూడా చేతిమీదే నిలుస్తుంది.

రెండో లెన్సు, ఆ 55-210 ఎందుకు వద్దన్నానంటే, అది చెడ్డదని కాదు. 270 గ్రాములే, ఎండలో బాగా పనిచేస్తుంది. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి, అట్లాంటి చోటికి ఆ లెన్సు సరిపోతుంది. కానీ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 7.1. నువ్వు రాసిన పనుల్లో నాన్న ఉన్నాడు, గుడి ఉంది, గుహ ఉంది, ఫంక్షను ఉంది. ఒక్కదానికీ అది అక్కరకు రాదు. రెండు లెన్సులు ఒకే పెట్టెలో వస్తున్నాయి, చవకే కదా అని కొన్నవాళ్లు ఆ రెండోదాన్ని బీరువాలో పెట్టి ఉంచడం నేను చాలా ఇళ్లలో చూశాను.

బ్యాటరీ గురించి రాసిన ఆమె ఏం తీస్తుందో మనకు తెలియదు, కానీ ఊహించొచ్చు. తెర చూస్తూ తీస్తే ఒక ఛార్జింగుకు సుమారు 370 ఫోటోలని కంపెనీ లెక్క. వీడియో పెట్టినా, తెర ఆర్పకుండా మెడలో వేసుకుని తిరిగినా అది మధ్యాహ్నానికే ఖాళీ కావడంలో వింత లేదు. 1500డి కంపెనీ లెక్క 500. అద్దంలోంచి చూసి తీసేది కాబట్టి దానికి అంత ఖర్చు లేదు. పాత కెమెరా అలవాటుతో వచ్చినవాళ్లకు ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఒక్క బ్యాటరీ అదనంగా కొను, ఆ బాధ తీరుతుంది. టైప్ సి వైరుతో కెమెరాలోనే ఛార్జి చేసుకోవచ్చు, కానీ పవర్ డెలివరీ ఉన్న ఛార్జరు కావాలి. పాత ఫోన్ ఛార్జరుకు పెట్టి ‘ఎక్కడం లేదు’ అని కంగారుపడొద్దు.

వేడి సంగతి ఎవరూ రాయలేదు చూశావా? చల్లని ఊళ్లలో ఉన్నవాళ్లకు అది గుర్తే రాదు. ఈ కెమెరా 40 డిగ్రీల దాకా పనిచేస్తుందని కంపెనీ రాసుకుంది. మన మే నెల 40 దాటేస్తుంది. తాడిపత్రిలో, బండల మధ్య, మిట్టమధ్యాహ్నం ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పాలా! మామూలు ఫోటోలకు నాకు ఇబ్బంది రాలేదు. ఎండలో నిలబెట్టి 4కె వీడియో గంటలసేపు తీస్తానంటే మాత్రం ఏ చిన్న కెమెరా అయినా వేడెక్కి తనను తాను ఆపుకుంటుంది. మధ్యలో నీడకు తీసుకో, తెల్ల తువ్వాలు ఒకటి కప్పు. కారులోనో, బండి డిక్కీలోనో వదిలిపెట్టొద్దు.

దుమ్ము దగ్గర నిన్ను గట్టిగా హెచ్చరించాలి. ఈ విషయంలో నీ ఉద్యోగం మిగతా కొన్నవాళ్లందరికంటే వేరు. ఆర్50కు దుమ్ము, తేమ చొరబడకుండా వేసే సీలింగ్ లేదు. నువ్వు పనిచేసే చోట రాయి కోసిన పొడి గాలిలోనే ఉంటుంది, బట్టల మీద, జుట్టులో కూడా ఉంటుంది. ఫ్యాక్టరీలో లెన్సు మార్చొద్దు, ఎంత మంచి ఫోటో పోతున్నా సరే. మార్చాల్సి వస్తే ఇంట్లో, ఫ్యాను ఆపి, కెమెరా ఆపు చేసి, నోరు కిందికి ఉండేలా పట్టుకుని మార్చు. అద్దం లేని కెమెరా కాబట్టి లెన్సు తీయగానే ఫోటోను పట్టే సెన్సారు నేరుగా బయటపడుతుంది. ఒకసారి గండికోటలో, పెన్న లోయ అంచున గాలి కొడుతుంటే తొందరపడి లెన్సు మార్చాను. ఆ రోజు తీసిన ఆకాశాలన్నిటిలో ఒకేచోట మూడు నల్ల చుక్కలు. ఎఫ్ 16 పెట్టినవాటిలో స్పష్టంగా, ఎఫ్ 4 పెట్టినవాటిలో అసలు కనపడకుండా. సెన్సారు మీద దుమ్ము లక్షణమే అది. రబ్బరు బుడ్డితో గాలి కొడితే రెండు పోయాయి, మూడోది శుభ్రం చేయించాల్సి వచ్చింది. నోటితో మాత్రం ఊదొద్దు, ఉమ్మి తుంపర పడితే పని పెరుగుతుంది. రాతిపొడి పడిన లెన్సు అద్దాన్ని గుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు బుడ్డితో గాలి, తర్వాతే గుడ్డ. కిట్ లెన్సుకు 49 ఎంఎం, ఆ 50 లెన్సుకు 43 ఎంఎం ఫిల్టరు (లెన్సు ముందు బిగించే గాజు) పడుతుంది. ఇంకెవరికైనా ఫిల్టరు అక్కరలేదంటాను, నీకు మాత్రం రెండింటికీ వేయమంటాను.

‘బొమ్మ కెమెరా’ అని అమ్మేసినాయన పెద్ద చేతులవాడై ఉంటాడని నా ఊహ. బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములే. పట్టుకుంటే చిటికెనవేలికి చోటు దొరకదు. తిప్పే చక్రం ఒకటే ఉంది, పెద్ద కెమెరాలలో రెండు ఉంటాయి. ఆయనకు అది నిజంగానే బొమ్మ. నాకు అదే మేలైంది. మూడు గంటలు తిరిగినా మెడ నొప్పి లేదు. పైగా పెద్ద కెమెరా ఎత్తితే బిగుసుకుపోయే మన పల్లె మనుషులు దీన్ని చూసి మామూలుగా ఉంటారు. మీ నాన్న కూడా బిగుసుకోడు. దుకాణానికి పోయినప్పుడు పది నిమిషాలు చేతిలో పట్టుకుని చూడు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా పనికిరాదు, నీ చెయ్యే చెప్పాలి.

ఇంకొకటి. ఏ ఏడు రాసిన మాటో చూసుకో. 2023లో కొన్నవాళ్లు ‘దీనికి లెన్సులే లేవు’ అని మొత్తుకున్నారు. అప్పటికి అది నిజం. 2024 నుంచి సిగ్మా, టామ్రాన్ కూడా ఈ చిన్న సెన్సారు క్యానన్లకు లెన్సులు ఇవ్వడం మొదలుపెట్టాయి. సిగ్మా 18-50 ఎఫ్ 2.8 వచ్చాక ఆ ఫిర్యాదుకు అంత బలం లేదు. పాత మాట తప్పు కాదు, పాతబడింది అంతే.

మీ మామ సలహాను తీసిపారేయొద్దు. ఆయన పనికి ఆయన మాట సరైనదే. 6డి 2012లో వచ్చినా దాని సెన్సారు పెద్దది, చీకట్లో ఇప్పటికీ మంచి ఫోటో ఇస్తుంది, పాత లెన్సులు చవకగా దొరుకుతాయి. స్టూడియోలో లైట్లు పెట్టుకుని, మనిషిని కూర్చోబెట్టి తీసేవాడికి అది చాలు. కానీ ఫోకస్ పాయింట్లు 11, బరువు దీనికి రెట్టింపు. అప్పటికే ఎన్ని లక్షల సార్లు షట్టర్ కొట్టారో, ఎన్ని పెళ్లిళ్లు తిరిగిందో తెలియదు. నేర్చుకునేవాడు తప్పు తనదా, కెమెరాదా అని తికమకపడే పరిస్థితి ఉండకూడదు. అందుకే నీకు కొత్తదే చెబుతున్నాను. మామకు మాత్రం ఈ మాట మర్యాదగా చెప్పు, ముందు ముందు ఆయన అవసరం నీకు చాలా ఉంది.

ఆయన ఇస్తానన్న ఫ్లాష్ ఉందే, అది నేరుగా పనిచేయదు. ఆర్50 నెత్తిన ఉండే ఫ్లాష్ గాడిలో పాత క్యానన్ ఫ్లాష్‌లకు కావాల్సిన లోహపు కాంటాక్టులు తీసేశారు. ఎడి-ఇ1 అనే అడాప్టరు మధ్యలో పెట్టాలి. ఇది తెలియక ఫ్లాష్ పాడైపోయిందనుకుని మూలన పడేసినవాళ్లున్నారు. పాతదే కదా అని పారేయొద్దు. అడాప్టరు వేసి, ఫ్లాష్ తలను పైకప్పు వైపు తిప్పి కొడితే, తెల్ల సున్నం వేసిన గదిలో ఆ వెలుతురు చాలా మెత్తగా పడుతుంది.

డబ్బుకు ఫంక్షన్లు తీయడం గురించి నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. ఈ కెమెరాతో తీయగలవు. పుట్టినరోజు, బారసాల, చీర కట్టించే వేడుక వరకు ధైర్యంగా ఒప్పుకో. పెళ్లి మాత్రం ఒంటరిగా ఒప్పుకోవద్దు. దీనిలో మెమరీ కార్డు ఒక్కటే పడుతుంది. ఆ కార్డు ఆ రోజే చెడిపోతే రెండో నకలు ఉండదు. తలంబ్రాలు రెండోసారి పోయమని అడగలేం కదా. పైగా రా ఫైళ్లలో వేగంగా కొడితే పది కూడా దాటకముందే కెమెరా ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది. వెనకనుంచి అక్షింతలు పడుతున్నప్పుడు అది ఆగితే నీ గుండె ఆగుతుంది. ఒక ఏడాది మామ వెంట రెండో కెమెరాగా తిరుగు. ఆయన ముందు నిలబడి తీస్తాడు, నువ్వు పక్కనుంచి అత్తమామల ముఖాలు, పిల్లల అల్లరి తీయి. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలి అనేది ఆయన నుంచే వస్తుంది.

కొనేటప్పుడు బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో. బాడీ అడుగున ఉన్న నంబరు, పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటే ఉండాలి. నాకు తెలిసిన ఒకాయన నాలుగు వేలు తగ్గుతుందని బిల్లు లేకుండా ఒక నగరంలో కొన్నాడు. తెర పని చేయడం మానేసినప్పుడు వారంటీ లేదన్నారు, బాగు చేయించడానికి ఆ నాలుగు వేలకు ఎన్నో రెట్లు అయింది. దుకాణంలోనే ఎఫ్ 16 పెట్టి తెల్లగోడను ఒకటి తీసి చుక్కలున్నాయేమో చూసుకో. బాడీ, కిట్ లెన్సు, 50 లెన్సు, ఒక బ్యాటరీ, ఒక 64 జీబీ కార్డు, రబ్బరు బుడ్డి, రెండు ఫిల్టర్లు. ఇవి కాక ఏది అంటగట్టబోయినా వద్దను. పెట్టెతో ఊరికే ఇచ్చే బ్యాగు ఇస్తే తీసుకో.

ఇక మీ నాన్న ఫోటో. ఇది మొదట తీయి, గుళ్లకంటే, గుహకంటే ముందు.

మీది బండల మిద్దె అయి ఉంటుంది. లోపల మధ్యాహ్నం పూట కూడా చీకటే. ఫ్లాష్ వద్దు. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య, వాకిలి గడప లోపల ఒక అడుగు వెనక్కి ఆయన్ను కూర్చోబెట్టు. ముఖం పూర్తిగా బయటికి కాకుండా కొంచెం పక్కకు తిరిగి ఉండాలి. అప్పుడు వెలుతురు ఒక చెంప మీద పడి, రెండో చెంప మెల్లగా నీడలోకి పోతుంది. ఎండ నేరుగా పడకూడదు. వెనక గది చీకటిగా ఉంటే చాలు, పరదాలేమీ కట్టక్కర్లేదు. నువ్వు బయట, రెండు మీటర్ల దూరంలో, ఆయన కంటి ఎత్తుకు కూర్చో. 50 లెన్సు వెయ్. ఆ దూరంలో ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా ఉండే లోతు నాలుగంగుళాలకు కాస్త ఎక్కువ, అంతే. కన్ను స్పష్టంగా ఉండి చెవి మెత్తబడుతుంది. ఎఫ్ 2.8 పెడితే ముఖమంతా వస్తుంది, చేతులు కూడా కావాలంటే ఎఫ్ 4కు పో. ఆయనకు చేతులు కావాలి. 30 ఏళ్లు రాయి కొట్టిన చేతులు కదా.

నవ్వమని అడగొద్దు. కెమెరా వైపు చూడమనీ అడగొద్దు. సమ్మెట, ఉలి ఇంట్లో ఉంటే తెచ్చి చేతికివ్వు. బండ పగలాలంటే గీత ఎక్కడ వెతకాలి, రాయి మోగిన చప్పుడును బట్టి లోపల పగులు ఉందని ఎట్లా తెలుస్తుంది అని అడుగు. ఆయన చెప్పడం మొదలుపెడతాడు. రాయి గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉంటుందో అదే తీయి. ఫోకస్ కన్నును పట్టుకునే ఉంటుంది, నువ్వు తెర వంక చూడకుండా ఆయన్నే వింటూ నొక్కుతూ ఉండు. ముప్పై తీస్తే రెండు మంచివి వస్తాయి. ఫోన్లో ఉంచొద్దు, 12 ఇంటూ 18 ప్రింటు వేయించి ఫ్రేము కట్టించు.

కొనేముందు ఒక ఆదివారం బస్సెక్కి అనంతపురం రా. నాన్నను కూడా తీసుకుని రా. నా ఆర్50, రెండు లెన్సులూ నీ చేతికిస్తాను. మా వాకిట్లోనే ఆయన్ను కూర్చోబెట్టి రెండింటితోనూ తీసి చూసుకో.